పార్సిల్ వెళ్లిపోయాక వాలెట్‌లో డబ్బు కోశారా? వెయిట్ డిస్క్రిపెన్సీ మీద ఇలా పోరాడండి

చీర పంపాం, కస్టమర్‌కి అందింది, కట్టుకుని ఫోటో కూడా పెట్టింది, ఆ ఆర్డర్ సంగతి అక్కడితో అయిపోయిందనుకుంటాం. ఓ వారానికి మెసేజ్ వస్తుంది: మీరు అరకిలో అని రాశారు, కొరియర్ వాళ్ల దగ్గర కిలో తూగింది, తేడా మీ వాలెట్ నుంచి తీసుకున్నాం. ఈ బరువు తేడానే వెయిట్ డిస్క్రిపెన్సీ అంటారు. ఏ చీర, ఏ ఆర్డర్, ఎప్పటిది అని వెతుక్కునేలోపు ఇంకో రెండు మెసేజ్‌లు. మొదట్లో నేను నలభై, యాభై రూపాయలే కదా అని వదిలేసేదాన్ని. నెలాఖరున వాలెట్ స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లోకి దించి చూసుకుంటే, రెండు చీరల మీద మిగిలిన లాభం మొత్తం ఈ చిల్లర కోతలకే పోయిందని అర్థమైంది. అప్పటి నుంచి ఒక్కటి కూడా చూడకుండా వదల్లేదు. అన్నీ గెలిచానని కాదు, కొన్నిట్లో తప్పు నాదే.

ఇది ఇంటి దగ్గర నుంచి చీరలు, పచ్చళ్లు, పొడులు, బొమ్మలు అమ్ముతూ అగ్రిగేటర్ యాప్‌ల (చాలా కొరియర్ కంపెనీలు ఒకేచోట దొరికే యాప్‌లు, వాలెట్‌లో ముందే డబ్బు వేసి వాడతాం) ద్వారా కొరియర్ బుక్ చేసుకునే మనలాంటి వాళ్ల కోసం. పెద్ద కంపెనీలకు ఈ పని చూడ్డానికే మనుషులుంటారు. మనకు లేబుల్ అంటించేది, లెక్క రాసేది, పోట్లాడేది అన్నీ మనమే.

ముందు లెక్క అర్థం చేసుకోండి

చాలామంది ఇది వదిలేసి నేరుగా కస్టమర్ కేర్‌తో గొడవకు దిగుతారు. "నా ప్యాకెట్ 460 గ్రాములే, కాటా ఫోటో ఉంది, మీరు దొంగలు" అని రాస్తారు, అవతల వాళ్లు రెండు ముక్కల్లో తిరస్కరించి టికెట్ మూసేస్తారు. ఎందుకంటే వాళ్లు డబ్బు తీసుకున్నది బరువు కోసం కాకపోవచ్చు, సైజు కోసం అయ్యుండొచ్చు.

కొరియర్ వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి కాటా మీద తూగే అసలు బరువు, దాన్ని డెడ్ వెయిట్ అంటారు. రెండోది వాల్యూమెట్రిక్ వెయిట్, అంటే ఆ ప్యాకెట్ వ్యాన్‌లోనో విమానంలోనో ఎంత చోటు ఆక్రమిస్తుందో దాన్ని బరువుగా మార్చి చెప్పేది. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జి. దూదిబస్తాకీ ఇనుపముక్కకీ ఒకే న్యాయం ఉండదు కదా, దూది తక్కువ తూగినా సగం వ్యాన్ నింపేస్తుంది.

లెక్క ఇది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని మూడూ గుణించి 5000తో భాగించాలి. వచ్చింది కిలోల్లో ఉంటుంది.

నా మామూలు చీర ప్యాకెట్ చూడండి. మంగళగిరి కాటన్ చీర, ప్లాస్టిక్ కవరు, లోపల బిల్లు, అంతా కలిపి 460 గ్రాములు. కవరు 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 3 ఎత్తు. గుణిస్తే 2250, భాగిస్తే 0.45 కిలో. రెండూ అరకిలో లోపలే, కాబట్టి అరకిలో స్లాబ్. అదే ప్యాకెట్‌లో గాలి తియ్యకుండా అంటించామనుకోండి, మధ్యలో ఉబ్బి ఎత్తు 5 సెంటీమీటర్లు అవుతుంది. ఇప్పుడు 3750, అంటే 0.75 కిలో. స్లాబులు అరకిలో చొప్పున పెరుగుతాయి కాబట్టి చార్జి కిలోకి పడుతుంది. చీర అదే, బరువు అదే, మనం పంపిన గాలికి డబ్బు కట్టామన్నమాట.

ఇంకో చిన్న మెలిక ఉంది. అందరూ 5000తోనే భాగించరు. కొన్ని సర్వీసులకు 4000 వాడతారు, మధ్యలో ఏదో అంకె వాడే వాళ్లూ ఉన్నారు. భాగించే అంకె తగ్గేకొద్దీ మన బరువు పెరుగుతుంది. పైన చెప్పిన బుద్ధిమంతుడైన 3 సెంటీమీటర్ల ప్యాకెట్టే 4000తో భాగిస్తే 0.56 అయి కిలో స్లాబ్‌లో కూర్చుంటుంది. ఇక్కడ వాదించడానికి ఏమీ లేదు, రేట్ కార్డులో ముందే రాసి ఉంటుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడు ఐదు రూపాయలు తక్కువ కనిపించిందని ఏదో ఒక కొరియర్ నొక్కేయకుండా, మీరు వాడే ప్రతి కొరియర్‌కీ ఆ అంకె ఎంతో ఒకసారి కనుక్కుని ప్యాకింగ్ బల్ల ఎదురుగా గోడ మీద రాసి పెట్టుకోండి.

ఎక్కువ దెబ్బ తినేది తేలిక సరుకు వాళ్లే. ఆత్రేయపురం పూతరేకులు అమ్మే వాళ్లను అడిగితే తెలుస్తుంది. రేకులు నలగకూడదని గట్టి పెట్టెలో, చుట్టూ మెత్తలు పెట్టి పంపాలి. 28, 20, 12 సెంటీమీటర్ల పెట్టె అనుకోండి, కాటా మీద 480 గ్రాములే ఉండొచ్చు, సైజు లెక్కలో 1.34 కిలో, అంటే కిలోన్నర స్లాబ్. మొదటి అరకిలోకి 45 రూపాయలు, ఆ పైన ప్రతి అరకిలోకి 40 అనుకుంటే, మీరు 45 అనుకున్నది 125 అవుతుంది. తేడా 80, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 94 రూపాయల 40 పైసలు. కస్టమర్ తీసుకోకపోతే తిరుగు ప్రయాణానికి కూడా ఇదే బరువు మీద వేస్తారు, ఆ ఆర్టీఓ (రిటర్న్ టు ఆరిజిన్, అంటే ప్యాకెట్ మనకే తిరిగి రావడం) బిల్లు చూసినప్పుడు కడుపు మండుతుంది. కొండపల్లి బొమ్మలు, అప్పడాలు, వడియాలు, దిండు గలీబుల సెట్లు, అన్నిటిదీ ఇదే బాధ.

హబ్‌లో ఏం జరుగుతుంది

మన ప్యాకెట్‌ని అక్కడ ఎవరో కూర్చుని టేపు పెట్టి కొలుస్తారనుకోకండి. పెద్ద హబ్‌లలో, అంటే కొరియర్ వాళ్లు పార్సిళ్లన్నీ చేర్చి వేరుచేసే కేంద్రాల్లో, బెల్టు మీద వెళ్తుంటే కింద కాటా బరువు తీసుకుంటుంది, పైనున్న కెమెరాలు సైజు తీసుకుంటాయి, స్కానర్ బార్‌కోడ్ చదువుతుంది, మూడూ కలిపి సిస్టమ్‌లోకి వెళ్లిపోతాయి. యంత్రం చాలావరకు సరిగ్గానే చెప్తుంది. కానీ దానికి మన చీర ప్యాకెట్ గురించి ఏమీ తెలియదు. కవరు మూల ఒకటి పైకి లేచి ఉంటే ఆ ఎత్తే ఎత్తు. ప్యాకింగ్ టేపు చివర తోకలా వేలాడితే అదీ పొడవులోకి వచ్చేయొచ్చు. రెండు ప్యాకెట్లు ఒకదానికొకటి ఆనుకుని వెళ్తే రెండూ కలిపి ఒకటిగా కొలిచే అవకాశమూ ఉంది. గుండ్రటి డబ్బా అయినా, వంకరటింకర మూట అయినా, దాన్ని పట్టే చతురస్రపు పెట్టె ఎంతో అంత కింద లెక్క.

మెసేజ్ వచ్చిన రోజు చెయ్యాల్సింది

మొదట తేదీ చూడండి. చాలా చోట్ల డిస్‌ప్యూట్ (ఈ కోత తప్పని అభ్యంతరం) పెట్టడానికి ఏడు రోజుల గడువు ఇస్తారు, మీ యాప్‌లో ఎన్ని రోజులో ఆ డిస్క్రిపెన్సీ పేజీలోనే ఉంటుంది. గడువు దాటితే మీరు ఒప్పుకున్నట్టే లెక్క, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. పండగ సీజన్‌లో ఆర్డర్ల హడావుడిలో నేను పోగొట్టుకున్నవన్నీ ఇలా పోయినవే. అందుకే మెయిల్ కోసం చూడకుండా వారంలో రెండు రోజులు, నాకైతే మంగళవారం, శుక్రవారం, ఆ పేజీ తెరిచి చూడటం అలవాటు చేసుకున్నాను.

ఆ ఆర్డర్‌కి సంబంధించిన ఏడబ్ల్యూబీ (ఎయిర్‌వే బిల్లు, అంటే లేబుల్ మీదుండే ట్రాకింగ్) నంబర్, మీరు రాసిన బరువు, మీరు రాసిన కొలతలు, వాళ్లు వేసిన బరువు, వాళ్లు చూపించిన కొలతలు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. వాళ్ల కొలతలు కనిపించకపోతే, వేసిన బరువు మాత్రమే ఉంటే, తిరగేసి లెక్క కట్టండి. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది, తట్టాక సగం టెన్షన్ పోయింది.

వాళ్లు 0.9 కిలో అన్నారు, మీ కాటా మీద 0.46 ఉంది. 0.9ని 5000తో గుణిస్తే 4500. మీ కవరు 30, 25 కాబట్టి ఆ రెండూ గుణిస్తే 750. 4500ని 750తో భాగిస్తే 6. అంటే వాళ్ల యంత్రం మీ ప్యాకెట్ ఎత్తు 6 సెంటీమీటర్లు అని చూసింది. ఇప్పుడు మీకు ప్రశ్న స్పష్టంగా ఉంది: నా ప్యాకెట్ ఎక్కడైనా 6 సెంటీమీటర్ల ఎత్తు ఉబ్బి ఉందా? ఉంటే డబ్బు కట్టేయండి. 3 దాటే ప్రసక్తే లేకపోతే మీ వాదన మొత్తం ఆ ఎత్తు మీదే నడవాలి, కాటా ఫోటోలు పది పెట్టినా పని జరగదు. తిరగేసిన లెక్కలో ఎత్తు 14, 20 అని అర్థం లేకుండా వస్తే, అది మీ ప్యాకెట్ కాదు, వేరేవాళ్లది మీ నంబర్‌కి ఎక్కింది అని అనుమానించొచ్చు.

వాళ్లు వేసింది స్లాబ్ మాత్రమే అయితే, ఉదాహరణకి ఒట్టిగా 1.0 అని ఉంటే, ఈ లెక్క పనిచేయదు. అరకిలోకి పైన ఒక్క గ్రాము ఉన్నా అదే కనిపిస్తుంది. అప్పుడు ముందు హబ్ కొలతలూ ఫోటో అడగాలి.

తర్వాత, మనసుకి కష్టమైనా, తప్పు మనదేమో చూసుకోవాలి. నేను చేసినవీ, తోటి అమ్మకందారులు చేస్తుండగా చూసినవీ చెప్తాను.

యాప్‌లో కొలతల దగ్గర ముందే 10, 10, 10 అని నిండి ఉంటుంది, మార్చకుండా వదిలేస్తాం. కొలత టేపులో అంగుళాల వైపు చూసి 12, 10 అని రాసేస్తాం, యాప్ వాటిని సెంటీమీటర్లనుకుంటుంది. కిలో పచ్చడి ఆర్డర్ వచ్చింది కదా అని బరువు దగ్గర కిలో అని రాస్తాం, సీసాలూ, బబుల్ ర్యాప్, అట్టపెట్టె కలిపి 1.3 అయ్యుంటుంది. ఒకసారి ఖాళీ అట్టపెట్టెని కాటా మీద పెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు. వర్షాకాలంలో అట్ట తేమ పీలుస్తుంది, 490 గ్రాముల ప్యాకెట్ 500 దాటడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

ఇంకొకటి. ఒకసారి నాకు 400 గ్రాముల ప్యాకెట్‌కి దాదాపు కిలోన్నర వేశారు. కోపంగా టికెట్ రాయబోతూ, అదే రోజు పంపిన ఇంకో ఆర్డర్‌లో రెండు పట్టుచీరలు పెట్టెలో పంపిన సంగతి గుర్తొచ్చింది. లేబుళ్లు మారిపోయాయి. ఒంటి కాటన్ చీర కొన్నావిడకి పట్టుచీరలు వెళ్లాయి. పాపం ఆవిడ చాలా మర్యాదస్తురాలు, తిరిగి పంపించింది. కాబట్టి వింతగా పెద్ద తేడా వస్తే డిస్‌ప్యూట్ కంటే ముందు, అదే పికప్‌లో వెళ్లిన మిగతా ప్యాకెట్ల వైపు ఒకసారి చూడండి.

సాక్ష్యం

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గొడవ వచ్చేసరికి ప్యాకెట్ మన దగ్గర ఉండదు. కస్టమర్ దాన్ని చింపేసి చెత్తబుట్టలో పడేసి ఉంటుంది. పికప్ అబ్బాయి రాకముందు తీసిన ఫోటోలే మనకు దిక్కు. రోజుకు ముప్పై ప్యాకెట్లు పంపేవాళ్లకి ప్రతిదానికీ ఫోటోలంటే విసుగే, నాకూ విసుగే. నేను చేసేదేంటంటే, ఒకే రకం సరుకు, ఒకే కవరు అయితే ప్రతి ప్యాకెట్‌కీ ఒక్క కాటా ఫోటో, ఆ రకంలో రోజుకి ఒకదానికి మొత్తం కొలతల ఫోటోలు. కొత్త సైజు పెట్టె, లేదా కిలో దాటిన ఆర్డర్ అయితే మాత్రం అన్నీ తీస్తాను.

ఫోటోలు ఇలా ఉండాలి. ప్యాకెట్ పూర్తిగా మూసి, లేబుల్ అంటించి, కాటా మీద పెట్టి, కాటా అంకె, ఏడబ్ల్యూబీ నంబర్ రెండూ ఒకే ఫోటోలో చదవగలిగేలా. లేబుల్ లేని ప్యాకెట్ ఫోటోకి విలువ లేదు, అది ఎవరి ప్యాకెట్ అయినా కావచ్చు కదా. పెద్ద పెట్టె కాటా స్క్రీన్‌ని కప్పేస్తుంటే కింద ఒక గిన్నె బోర్లించి, గిన్నెతో సహా కాటాని సున్నాకి తెచ్చి, దాని మీద పెట్టండి. తర్వాత పొడవుకి ఒకటి, వెడల్పుకి ఒకటి, ఎత్తుకి ఒకటి. టేపు సున్నా ప్యాకెట్ అంచుకి సరిగ్గా ఆనాలి, అవతలి అంచు దగ్గర అంకె కనిపించాలి. ఎత్తు ఫోటో పైనుంచి తీస్తే పనికిరాదు, ఫోన్‌ని బల్ల మట్టానికి దించి పక్కనుంచి తీయాలి. మెత్తటి కవరైతే దాని మీద ఒక పలకో, గట్టి అట్టో పెట్టి, బల్లకీ పలకకీ మధ్య ఎంతుందో కొలవండి. కానీ పలక మీద చేత్తో నొక్కకండి, ఫోటోలో చెయ్యి కనిపిస్తే అదే సాకు దొరుకుతుంది వాళ్లకి.

ఓపికుంటే ఫోటోల బదులు ఒక్క వీడియో తీయండి, ఎక్కడా ఆపకుండా లేబుల్ నుంచి కాటా, కాటా నుంచి టేపు, ముప్పై సెకన్లు చాలు.

కాటా విషయం కూడా. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మనకు అంచనాకి పనికొస్తుంది, కానీ బ్యాటరీ తగ్గితే దాని మాట నమ్మలేం. కిరాణా కొట్లో ఉండేలాంటి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా కొనుక్కోగలిగితే మంచిది, ముద్ర గడువు దాటకుండా చూసుకోండి. లేదా ఒక ప్యాకెట్‌ని ఇంట్లో తూచి, వీధి చివర కొట్లో ఆ ముద్ర కాటా మీద మళ్లీ తూచి చూడండి. రెండిటికీ పది పదిహేను గ్రాముల తేడా ఉందంటే, ఇన్నాళ్లూ 495 అని రాసినవన్నీ ఎందుకు తిరగబడ్డాయో అర్థమవుతుంది.

ఫోటో తియ్యలేదు, ప్యాకెట్ వెళ్లిపోయింది, ఇప్పుడెలా అంటే, దారులు లేకపోలేదు, కాస్త బలహీనమైనవి. అదే సరుకుని అదే కవర్లో మళ్లీ కట్టి కొలతలు తీసి, ఇది అలాంటి ప్యాకెట్టేనని నిజం చెప్పి పెట్టండి, పాత ప్యాకెట్టేనని అబద్ధమాడకండి, ఫోటోలో తేదీ దొరికిపోతుంది. దానికంటే బాగా పనిచేసేది మీ పాత ఆర్డర్ల పట్టిక: ఇదే చీర, ఇదే కవరు, ఇదే కొరియర్, గత నెలలో ఇన్నిసార్లు వెళ్లింది, ప్రతిసారీ అరకిలోకే చార్జి చేశారు, ఈ ఒక్కసారే కిలో ఎలా అయింది? దీనికి జవాబు చెప్పడం వాళ్లకీ కష్టమే. ఆర్టీఓ అయి తిరిగి వస్తున్న ప్యాకెట్ అయితే మీ అదృష్టం, రాగానే విప్పకండి, విప్పకుండానే కాటా మీద పెట్టి అన్ని ఫోటోలూ తీయండి, వాళ్ల స్టిక్కర్లతో సహా ఉన్న ఆ ప్యాకెట్ కంటే గట్టి సాక్ష్యం ఉండదు.

డిస్‌ప్యూట్ రాయడం

యాప్‌లో డిస్‌ప్యూట్ బటన్ ఉంటే దాని ద్వారానే పెట్టండి, ఫోన్‌లో మాట్లాడినదానికి లెక్క ఉండదు. ఒక ఏడబ్ల్యూబీకి ఒక డిస్‌ప్యూట్. పది కలిపి ఒకే మెయిల్‌లో పెడితే ఒకదానికి జవాబిచ్చి అన్నీ మూసేస్తారు. తిట్లు, ఆవేదన, మన కష్టాలు వద్దు, చదివే అతను రోజుకి వందలు చూస్తాడు. చాలా చోట్ల ఇంగ్లీషులో రాయాల్సి వస్తుంది, ఏ భాషలో రాసినా సారాంశం ఇంతే ఉండాలి:

"ఈ ఏడబ్ల్యూబీకి మేము రాసిన బరువు 0.46 కిలో, కొలతలు 30, 25, 3 సెంటీమీటర్లు. వాల్యూమెట్రిక్ లెక్క 0.45. మీరు వేసింది 0.9 కిలో. మా పొడవు వెడల్పుల ప్రకారం దీనికి ఎత్తు 6 సెంటీమీటర్లు ఉండాలి. పికప్‌కి ముందు లేబుల్‌తో తీసిన కాటా ఫోటో, మూడు కొలతల ఫోటోలు జత చేశాము. ఇదే వస్తువు ఇదే ప్యాకింగ్‌లో వెళ్లిన ఐదు పాత ఏడబ్ల్యూబీలు కింద ఉన్నాయి, అన్నిటికీ అరకిలో చార్జి పడింది. చార్జి సరిచేయండి, లేదా హబ్‌లో తీసిన ఫోటో, మూడు కొలతలు విడివిడిగా పంపండి."

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. ఫోటో అడిగితే కేసు ఎవరో ఒకరు నిజంగా తెరిచి చూడాల్సి వస్తుంది.

ఫోటోలు వాట్సాప్‌లో పంపుకుని డౌన్‌లోడ్ చేసినవి కాకుండా అసలువే పెట్టండి, వాట్సాప్‌లో కుదించాక కాటా అంకెలు మసకబారతాయి. పెట్టాక టికెట్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇది నడుస్తున్నన్ని రోజులూ ఆ డబ్బు వాలెట్ నుంచి తీసేసో, పక్కన పెట్టేసో ఉంటారు. వాలెట్ మైనస్‌లోకి వెళ్తే కొత్త లేబుళ్లు రావు, సీఓడీ (డెలివరీ అప్పుడు కస్టమర్ కట్టిన) డబ్బులోంచి కూడా మినహాయించుకోవచ్చు. పండగ ముందు పది డిస్క్రిపెన్సీలు ఒకేసారి పడితే ఆర్డర్లు ఆగిపోతాయి, అందుకని వాలెట్‌లో కాస్త ఎక్కువ వేసి ఉంచుకోవడం తప్పట్లేదు. నాకు నచ్చని పద్ధతే ఇది.

జవాబు వచ్చాక

మీకు అనుకూలంగా వస్తే సంబరపడి వదిలేయకండి, వాలెట్‌లో నిజంగా జమైందా చూడండి. జీఎస్టీతో సహా వచ్చిందా? ఆ ఆర్డర్ ఆర్టీఓ అయ్యుంటే తిరుగు చార్జి కూడా తగ్గించారా? నాకు ఒకటికి రెండుసార్లు వెళ్లే చార్జి సరిచేసి వచ్చే చార్జి అలాగే ఉంచారు, అడిగాక ఇచ్చారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆ నెల ఇన్‌వాయిస్‌లో సరిచేశారా, క్రెడిట్ నోట్ ఇచ్చారా అన్నది కూడా చూసుకోవాలి.

తిరస్కరిస్తే, ఫోటో పంపారా లేదా చూడండి. పంపితే దాన్ని పెద్దది చేసి తీరిగ్గా చూడండి. ఒకసారి నాకు పంపిన ఫోటోలో గోధుమరంగు అట్టపెట్టె ఉంది. నేను పంపింది గులాబీరంగు కవరు. లేబుల్ కూడా కనిపించడం లేదు. ఆ ఫోటో పక్కనే నా ఫోటో అతికించి "ఈ రెండిట్లో నాది ఏది?" అని ఒక్క ముక్క రాశాను, రెండు రోజుల్లో డబ్బు తిరిగొచ్చింది. ఫోటోలో లేబుల్ చదవగలిగేలా ఉందా, పక్కన వేరే ప్యాకెట్ ఆనుకుని ఉందా, టేపు తోక వేలాడుతోందా, కవరు తలకిందులై నిలబడి ఉందా, ఇవి చూడాలి. ఫోటోలో మీ ప్యాకెట్టే ఉండి, నిజంగానే బొద్దుగా కనిపిస్తుంటే ఒప్పుకోవడమే మంచిది. తప్పుడు డిస్‌ప్యూట్లు వరసగా పెడితే రేపు నిజమైనదాన్ని కూడా ఎవరూ తీరిగ్గా చదవరు.

ఫోటో పంపకుండా "కొరియర్ పార్ట్‌నర్ చార్జి సరైనదే" అని మాత్రం రాస్తే, అదే టికెట్ మళ్లీ తెరవమని అడగండి, మీకు అకౌంట్ మేనేజర్ అని ఎవరినైనా ఇచ్చి ఉంటే వాళ్లకి టికెట్ నంబర్‌తో మెయిల్ పెట్టండి, ఆ పైన కంపెనీ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు ఉంటాయి, వాళ్లకి. నెలలో జరిగినవన్నీ ఒక పట్టికగా పెడితే ఈ మెట్టు దగ్గర బాగా పనిచేస్తుంది, ఒక్క ప్యాకెట్ గొడవను పట్టించుకోని వాళ్లు కూడా ఒకే హబ్ నుంచి పదిహేను వస్తున్నాయంటే చూస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేసి చూడొచ్చు, కాకపోతే ఇది వ్యాపార అవసరానికి వాడిన సర్వీసు, మీరు వినియోగదారు కాదు అని అవతలివాళ్లు వాదిస్తారని తెలిసే వెళ్లండి.

మళ్లీ మళ్లీ రాకుండా

ప్యాకింగ్ సైజులు తగ్గించుకోండి. ఒకప్పుడు నా దగ్గర తొమ్మిది రకాల పెట్టెలుండేవి, చేతికి ఏది దొరికితే అది. ఇప్పుడు రెండు కవర్లు, మూడు పెట్టెలు. ప్రతి పెట్టెకి వాల్యూమెట్రిక్ బరువు ముందే లెక్కకట్టి దాని మీదే మార్కర్‌తో రాసేశాను, ఇక బుకింగ్ అప్పుడు ఆలోచించే పని లేదు. పెట్టె కొనేటప్పుడు బయటి కొలతలు అడగండి, కొట్టువాడు లోపలి కొలతలు చెప్తాడు.

స్లాబ్ అంచున నిలబడకండి. అరకిలో స్లాబ్‌లో పంపాలంటే నేను 470 దాటనివ్వను. దాటుతుంటే లోపలి అట్ట తీసేస్తాను, లేకపోతే నిజాయితీగా కిలో అని రాసి ఆ డబ్బు డెలివరీ చార్జిలో ముందే వేసుకుంటాను. 498 అని రాసి దేవుడి మీద భారం వేయడం అనవసరం. కవర్లలో గాలి అరచేత్తో మొత్తం బయటికి తోసి, ఉబ్బు లేకుండా అంటించాలి, మడత మధ్యలో కాకుండా చీరని సమానంగా పరిస్తే ఎత్తు ఒక సెంటీమీటర్ తగ్గుతుంది. ఒకే కస్టమర్‌కి రెండు ప్యాకెట్లుంటే టేపుతో జోడించి పంపకండి.

చాలా యాప్‌లలో వెయిట్ ఫ్రీజ్ అనే సదుపాయం ఉంది. ఒక వస్తువుకి ప్యాకింగ్ ఫోటోలు, కొలతలు ముందే ఇస్తే వాళ్లు పరిశీలించి ఇంత బరువు అని ఖాయం చేస్తారు, ఆ తర్వాత ఆ వస్తువు ఒంటిగా వెళ్లినప్పుడు వచ్చే డిస్క్రిపెన్సీలు చాలావరకు ఆగిపోతాయి. మీ అమ్మకాల్లో ముందున్న ఐదారు రకాలకి ఈ వారమే చేసుకోండి. ప్యాకింగ్ మారిస్తే మళ్లీ ఇవ్వాలి, అది మాత్రం గుర్తుంచుకోండి.

ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే పోస్టాఫీసు ఉంది. కౌంటర్ దగ్గర మన ముందే తూచి, అప్పుడే డబ్బు తీసుకుని, బరువు రాసిన రసీదు చేతిలో పెడతారు, వారం తర్వాత వాలెట్ కోసే గొడవ ఉండదు. లైన్‌లో నిలబడాలి, ఇంటికొచ్చే పికప్ ఉన్నంత సుఖం కాదు. నేను తేలికపాటి పెద్ద పెట్టెలను మాత్రం రెండు చోట్లా రేటు చూసుకుని, ఏది నయమైతే అందులో వేస్తాను.

అమెరికాలో ఉన్న పిల్లలకి పచ్చళ్లు, పొడులు పంపే కొరియర్ ఆఫీసులకి వెళ్లినా ఇదే లెక్క వర్తిస్తుంది. అక్కడ వాళ్లే మళ్లీ పెట్టెలో సర్దుతారు కాబట్టి, చివరి పెట్టె మీ ముందే తూయించి, ముందే కొలిపించి, రెండు బరువుల్లో దేనికి డబ్బు తీసుకుంటున్నారో బిల్లు మీద రాయించుకోండి. లోపల సగం ఖాళీ కనిపిస్తే చిన్న పెట్టెలోకి మార్చమని అక్కడే అడగాలి, ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే ఎవరూ మార్చరు.

ఫోటోలను ఫోన్ గ్యాలరీలో పెళ్లి ఫోటోల మధ్య వదిలేయకండి, నెలకొక ఫోల్డర్, అందులో తేదీకొక ఫోల్డర్ పెట్టి, ఫోటో పేరు ఏడబ్ల్యూబీ చివరి నాలుగు అంకెలు పెట్టుకుంటే వెతకడం సులువు. మూడు నెలలు ఉంచి తర్వాత తీసేస్తాను నేను. ఆర్టీఓ ప్యాకెట్లు కొన్ని నెలన్నరకి కూడా ఊరంతా తిరిగి వస్తుంటాయి, అందుకని అంతకంటే ముందు మాత్రం తీసేయకండి.